పుదుచ్చేరిలో నేను కొట్టేసిన పేరా

పుదుచ్చేరి వెళ్ళొచ్చానని చెప్పగానే మా స్టాఫ్ రూంలో మగవాళ్ళందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే, "సీసాలేమైనా తెచ్చారా మేడం?" అని. ఆడవాళ్ళు కాస్త మర్యాదగా "సముద్రం బాగుందా?" అన్నారు. సీసాలు తేలేదు. సముద్రం బాగానే ఉంది, అదెక్కడికి పోతుంది! నేను చెప్పాలనుకున్న సంగతి మాత్రం ఎవరూ అడగలేదు. అడగకపోయినా చెప్పడం టీచర్లకు పుట్టుకతో వచ్చిన జబ్బు గనక ఇలా రాస్తున్నాను.

నేను తెనాలిలో పదో తరగతికి సోషల్ చెబుతాను. ఏటా జనవరి ఇరవై ఆరున జెండా ఎగరేశాక మైకు నా చేతికిస్తారు. నేనూ ఏటా ఒకే ప్రసంగం గురించి చెబుతాను. రాజ్యాంగం రాయడం పూర్తయి, సభ దాన్ని ఆమోదించబోయే ముందు, ముసాయిదా సంఘం అధ్యక్షుడు లేచి నిలబడి చేసిన ప్రసంగం అది. ఆ రోజు ఆయన సంబరపడలేదు, హెచ్చరించారు. మూడు మాటలు చెప్పారు. చేతికి రాజ్యాంగం వచ్చింది గనక ఇక అడ్డదారులు వదిలెయ్యమన్నారు. ఎంత గొప్పవాడైనా సరే, ఒక్క మనిషి పాదాల దగ్గర మన స్వేచ్ఛను పెట్టెయ్యొద్దన్నారు. ఓటు దగ్గర సమానంగా, బతుకు దగ్గర అసమానంగా ఎన్నాళ్ళు నడుస్తారని అడిగారు. నేను గొంతు చించుకుని ఇదంతా చెబుతాను, పిల్లలు ఆవలిస్తారు, తర్వాత అందరం లడ్డూలు తింటాం.

ఈ ఏడు ఆ మైకు వేరేవాళ్ళకు వదిలి పుదుచ్చేరి పోవడానికి కారణం నా చిన్ననాటి స్నేహితురాలు సత్యవతి. అది యానాం పిల్ల, పుదుచ్చేరిలో సర్కారు ఉద్యోగం. ఒకరోజు ఆఫీసులో ఫోన్‌లో ఎవరినో తెలుగులో చెడామడా తిడుతుంటే, సర్టిఫికెట్ కోసం వచ్చిన ఒక పెద్దాయన ఆగి నిలబడిపోయాడట. "ఏంది తల్లీ, మా ఇంటి మాట మాట్లాడతా ఉండావు!" అన్నాడట. ఆయన పేరు ఆర్. కోదండపాణి. బాహూరు చెరువు కింద రైతు, డెబ్బై దాటిన మనిషి. వాళ్ళ తాతముత్తాతల నుంచీ అక్కడే ఉన్నా ఇంట్లో మాట తెలుగే. ప్రతి ఏటా జనవరి ఇరవై ఆరున చెరువుగట్టు మీద రైతుల కూటం జరుగుతుంది. ఆ రాజ్యాంగ ప్రసంగాన్ని తమిళంలోనే విన్నాను, ఒక్కసారైనా కూటంలో అందరికీ ఇంటి మాటలో చదివి వినిపించాలని ఉంది, చదివించేవాళ్ళు కావాలి అని అడిగాడట. సత్యవతి వెంటనే నా పేరు చెప్పేసింది. ఊళ్ళో పనులన్నీ నాకు అంటగట్టడం దానికి మూడో తరగతి నుంచే అలవాటు.

వైట్ టౌన్

సత్యవతి ఆఫీసు సముద్రం దగ్గర, పాత ఫ్రెంచి వీధుల్లో ఉంది. అది ఆఫీసు నుంచి బయటపడేదాకా నన్ను అక్కడే తిరగమంది. తిరిగాను. వీధులు గీత గీసినట్టు తిన్నగా ఉన్నాయి, గోడలు పసుపు, గోడల మీంచి కాగితం పూలు. పోలీసులు ఎర్ర టోపీలు పెట్టుకుని నిలబడ్డారు. మా తెనాలిలో అలాంటి టోపీ పెట్టుకుంటే బ్యాండుమేళం వాడనుకుని పెళ్ళికి మాట్లాడుకుంటారు.

ఆ వీధుల్లో జనం చేసే ముఖ్యమైన పని ఇతరుల ఇళ్ళ తలుపుల ముందు నిలబడి ఫోటోలు దిగడం. కాసేపు నవ్వుకున్నాను. తర్వాత నాకూ ఒక నీలం తలుపు నచ్చింది. ఒక కాలేజీ పిల్ల చేతికి ఫోనిచ్చి, కొంగు సర్దుకుని, గడ్డం కొంచెం పైకెత్తి నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. చేతిలో చెత్తబుట్టతో ఒక పెద్దావిడ. నన్ను కిందినుంచి పైదాకా చూసి, నాకు కూడా అర్థమయ్యేంత తేలిక తమిళంలో, "మీరు కానివ్వండి, మీ తర్వాత పారేస్తాను" అంది. ఆ ఫోటో నా దగ్గరుంది. అందులో ఆవిడే బాగా పడింది.

కాఫీ తాగుదామని ఒక అందమైన చోటికి వెళ్ళాను. మెనూ చూశాక మంచినీళ్ళు తాగి బయటకొచ్చాను. నూట డెబ్బై రూపాయలు! రెండు వీధులు దాటితే అదే సముద్రపు గాలికి ఇరవై రూపాయలకు ఇత్తడి గ్లాసులో ఫిల్టర్ కాఫీ ఇచ్చారు. నురగ ముక్కుకంటింది, ప్రాణం లేచొచ్చింది.

సాయంత్రం సముద్రం పక్క రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు. ఊరంతా నడుస్తుంది. బండరాళ్ళ మీద కూర్చుని సత్యవతికి నేను రాసుకొచ్చిన కాగితాలు చూపించాను. పద్నాలుగు పేజీలు. అది పుటలు తిరగేసి, "ఒసేయ్, ఇది వాళ్ళకి ఇలా పనికిరాదే" అంది.

"ఎందుకు పనికిరాదు? చక్కటి తెలుగు!"

"చక్కగానే ఉంది, కాదన్లేదు. వాళ్ళు తెలుగు మాట్లాడతారు గానీ తెలుగు అక్షరం చదవలేరే! బళ్ళో అంతా తమిళమే కదా. ఆ పెద్దాయనకి నువ్వు నోటితో చెప్పాలి, ఆయన తమిళం అక్షరాల్లో రాసుకోవాలి."

ఐదొందల కిలోమీటర్లు మోసుకొచ్చిన పద్నాలుగు పేజీలు! ఆ రాత్రి సత్యవతి పెట్టిన సాంబారన్నం తింటూ ఇంట్లో మాటలాడుకునే తెలుగులో దాన్ని రెండు పేజీలకు దించాను. మనలో మాట, అలా దించాకే అది బాగుంది.

సోలై నగర్

మర్నాడు పొద్దున్నే సత్యవతికి చేపలు కావాలంటే ఊరికి ఉత్తరాన సోలై నగర్ అనే జాలరిపేటకు వెళ్ళాం. నేను శాకాహారిని. అయినా చూడ్డానికేం పోయింది? పడవలు అప్పుడే వచ్చాయి. ఇసుక మీద గంపలు పెట్టి వేలం పాడుతున్నారు. పాడేదీ కొనేదీ అంతా ఆడవాళ్ళే. మగవాళ్ళు దూరంగా వలలు విదిలించుకుంటున్నారు. మా వైపు మగవాళ్ళకు ఈ ఏర్పాటు చూపించాలనిపించింది.

వేలం పాడే ఆవిడ గొంతు ఖంగుమంటోంది. ధర అరుస్తుంది, చుట్టూ చూస్తుంది, మళ్ళీ అరుస్తుంది. కొనేవాళ్ళు నోరు విప్పడం లేదే, ఎలా కొంటున్నారా అని ఆశ్చర్యపోతున్నాను. ఇంతలో సత్యవతి నా చెవిలో ఏదో చెప్పింది. మనం మామూలుగా ఊపినట్టే "ఆహా" అని తల ఊపాను. ఆవిడ వేలు నా వైపు చూపించింది. గంప జరిగి నా కాళ్ళ దగ్గరికొచ్చింది. చేప ముక్క ముట్టని నేను తొమ్మిది వందలకు గంపెడు నెత్తళ్ళు కొన్నాను!

"అయ్యయ్యో, నేను ఊరికే ఊపానమ్మా!" అన్నాను. సత్యవతి నవ్వాపుకోలేక వంగిపోతూనే తమిళంలోకి చెప్పింది. వేలం ఆవిడ ఏమాత్రం కరగలేదు. ఇక్కడ ఊరికే ఊపడమంటూ ఉండదట. తల ఊపాక మాట మాటే, ఎవరి తలకు వాళ్ళే బాధ్యులట. చివరికి పక్కనున్న ఒకామె జాలిపడి ఎనిమిది వందల యాభైకి ఆ గంప తీసుకుంది. యాభై రూపాయలు నా తలకాయ ఖరీదు. అక్కడున్నంతసేపూ ఇక మెడ కదల్చకుండా నిలబడ్డాను.

బాహూరు బస్సు

ఆ మధ్యాహ్నమే నన్ను బాహూరు తీసుకెళ్ళడానికి కోదండపాణిగారి బంధువు ఒకామె వచ్చింది. నలభై ఐదేళ్ళుంటాయి. చామనఛాయ, చేతికి గడియారం, భుజాన పెద్ద సంచీ. "నా పేరు కె. కమలవేణి" అంది. అక్కడ అందరూ పేరుకు ముందు ఇంగ్లీషు అక్షరం తగిలించే చెబుతారు. సత్యవతికి ఆఫీసులో జెండా పని ఉండటంతో నేనొక్కదాన్నే కమలవేణితో బస్సెక్కాను. టికెట్టు ఇరవై రూపాయలు. పాటలు మాత్రం చెవులు చిల్లులు పడేలా ఉచితం.

ఊరు దాటగానే పచ్చటి పొలాలు. కొన్ని కోతకొచ్చాయి, కొన్నిట్లో రెండో పంటకు నారు పోశారు. కమలవేణి తెలుగు వింటుంటే ముచ్చటేసింది. మన చిత్తూరు, నెల్లూరు యాస మీద తమిళం పోపు వేసినట్టుంటుంది.

"టీచరమ్మా, ఆ ప్రసంగంలో ఏముందో కొంజం చెప్తారా? పెదనాయన చదవతాడంటనే, ఏంది అదీ?" అని అడిగింది. కోదండపాణిగారు ఆమెకు పెదనాయన వరుస. నేను మూడు హెచ్చరికలూ చెప్పాను. రెండోది చెప్పేసరికి ఆమె కిటికీ వైపు తిరిగింది. కాసేపటికి మళ్ళీ నా వైపు తిరిగి, "మేలు చేసినోళ్ల మాటకు ఎదురు చెప్పొచ్చని కూడా ఉందా దాంట్లో?" అంది.

"కృతజ్ఞతకూ ఒక హద్దుంటుందని ఉంది. ఎందుకమ్మా?"

అప్పుడు చెప్పింది. బాహూరు చెరువు నీళ్ళు తూము దగ్గర పొలాల నుంచి మొదలై, వంతు ప్రకారం కింది పొలాలకు వస్తాయి. పై పొలాలన్నీ తడిశాక కిందివాళ్ళ వంతు. కమలవేణి ఎకరం అన్నిటికంటే కింద, కాలవ చివర. వరసగా రెండేళ్ళు రెండో పంటకు ఆమె వంతు వచ్చేసరికి నారు ఎండిపోయింది. ఈసారి ఒక్కసారి కింది నుంచి పైకి వంతు మార్చమని అడగాలని ఆమె కోరిక. వంతులు నిర్ణయించేది రేపటి కూటంలోనే. నిర్ణయించేది పెదనాయనే.

"మరి అడుగు! ఎవరొద్దన్నారు?" అన్నాను, టీచర్ను కదా.

"అదెట్లా టీచరమ్మా? మా నాయన పోయినప్పుడు నాకు పన్నెండేండ్లు. చదివించింది పెదనాయనే, పెండ్లి చేసింది పెదనాయనే. ఆడబిడ్డకు నేలేందని మావాళ్లు కొట్లాడితే, ఆ ఎకరా నా పేరున పట్టా చేయించింది గూడా ఆయనే. నా ఒక్కదానికే గాదు. కాలవ పూడిక సొంత దుడ్లతో తీయించినాడు. ఊళ్లో ప్రతి ఇంటికీ ఏదో ఒకటి చేసినాడు. కూటంలో ఆయన 'సరే గదా' అంటాడు, అందరూ 'సరే' అంటారు. అంతే. ఇన్నేండ్లలో ఒక్క చెయ్యి లేచింది లేదు." సంచీ ఒళ్ళోకి లాక్కుని, "ఈ నారు గూడా పోతే ఎకరా గుత్తకిచ్చేసి టౌన్లో కంపెనీ పనికి పోవాల. పెదనాయన ఇప్పించిన నేల, పెదనాయన మాటకే పోతాది" అంది.

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. రేపు ఆ రెండో భాగం చదివేటప్పుడు జాగ్రత్తగా వినమన్నాను. అది విన్నాక ఆమెకే కాదు, అందరికీ ధైర్యం వస్తుందని చెప్పాను. గొప్పగా చెప్పాను లెండి.

పెదనాయన ఇల్లు

ఆ ఇంటి గడప దాటగానే నాకున్న పౌరుషమంతా సగానికి దిగింది. కారణం భోజనం. మునక్కాయ పులుసు, వంకాయ కూటు, మిరియాల చారు, గట్టి పెరుగు, వడియాలు. ఇంటి నెయ్యి. సాంబారు తీపెక్కువ అని వాళ్ళను ఎగతాళి చెయ్యాలని ముందే అనుకుని వెళ్ళినదాన్ని, మూడుసార్లు మారు వడ్డించుకున్నాను. కోదండపాణిగారు ఎదురుగా నిలబడి, "ఏంది టీచరమ్మా, పిచ్చుక తిన్నట్ట తింటారే! ఇంకొంజం పెట్టండమ్మా" అని లోపలికి కేక వేస్తూనే ఉన్నారు. పొట్టి మనిషి, తెల్లటి మీసం, ఇస్త్రీ చొక్కా. మాటకు ముందు నవ్వొస్తుంది. నాకు భలే నచ్చేశాడు.

సాయంత్రం అరుగు మీద పాఠం మొదలైంది. నేను ఒక్కో వాక్యం చెప్పడం, ఆయన తమిళం అక్షరాల్లో నోటు పుస్తకంలో రాసుకోవడం. రాసింది మళ్ళీ చదివేవాడు. చదువుతూ మధ్యలో ఆగి ఆలోచించేవాడు. మనిషికొక ఓటు ఇచ్చాం గానీ మనిషికొక విలువ ఇంకా ఇవ్వలేదన్న చోట పెన్ను పక్కన పెట్టి, "ఇది నిజం టీచరమ్మా. మా కూలోళ్లను చూస్తే నాకే తెలుస్తాది" అన్నాడు. మా పదో తరగతిలో ఒక్కడంటే ఒక్కడు ఇలా ఆగిన పాపాన పోలేదు.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. అంతసేపట్లో ఆరుగురు వచ్చిపోయారు. ఒకామె మనవరాలి ఫీజు కట్టినందుకు దణ్ణం పెట్టి పోయింది. ఒకతను పాదాలు తాకాడు. వాళ్ళందరికీ ఆయన మంచే చేశాడు, నేను కళ్ళారా చూశాను. ఇలాంటి మనిషి చేత, ఆయన ఊళ్ళో, ఆయన నెయ్యి తిన్న చేత్తో, 'గొప్పవాళ్ళ పాదాల మీద పడొద్దు' అని చదివించడమా? బాగుండదనిపించింది. నొచ్చుకుంటాడేమో అనిపించింది. మొదటి హెచ్చరిక అయిపోయాక పెన్సిల్ తీసి రెండో పేరా మీద అడ్డంగా గీత గీసి, నేరుగా మూడోదానికి పోయాను. ఆయన నేను చెప్పిందే రాసుకున్నాడు.

పక్కనే గుమ్మం దగ్గర కమలవేణి కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంది. ఆ భాగం ఎప్పుడొస్తుందా అని వింటున్నట్టుంది. అది రాకుండానే పాఠం అయిపోయింది. ఆమె నన్నేమీ అడగలేదు. గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. అడిగి ఉంటే ఏదో ఒక సాకు చెప్పేదాన్ని. అడగలేదు గనకే సిగ్గేసింది.

చెరువుగట్టు

పొద్దున ఎనిమిదింటికి గట్టు మీద జెండా ఎగిరింది. చెరువు నిండుగా, గట్టు పొడుగునా ఎండ. షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలు, యాభై అరవై మంది రైతులు. తెలుగిళ్ళవాళ్ళు, తమిళులు కలిసే ఉన్నారు, రెండు భాషలూ అందరికీ అర్థమవుతాయి. నలుగురైదుగురు ఆడవాళ్ళు చివరి వరసలో.

మొదట శాలువాలు. మన వైపూ శాలువాలు కప్పుతాం గానీ ఇంత పనిగట్టుకుని కాదు. ఇక్కడ జనం వరస కట్టి మరీ కప్పుతారు. కోదండపాణిగారికి ఒకటి, రెండు, ఏడు, పది. నాకూ మూడు పడ్డాయి. చెమటలు కారుతుంటే పక్కకు చూశాను. ఆయన మీంచి తీసిన శాలువాలు బల్ల కిందనుంచి మళ్ళీ వరస చివరికి పోతున్నాయి! ఉన్నవి నాలుగైదే, అవే తిరుగుతున్నాయి. ఇంత పొదుపైన సన్మానం నేనెక్కడా చూడలేదు. కప్పిన ప్రతివాడూ ఆయన కాళ్ళు తాకుతున్నాడు. నన్నూ ఆ వరసలో నిలబెట్టారు. నా ముందున్నామె వంగితే, ఆ ఊపులో నేనూ వంగాను.

తర్వాత ఆయన నోటు పుస్తకం తెరిచి చదివాడు. ఎంత బాగా చదివాడో! నా ఇరవై ఏళ్ళ గొంతు చించుకోవడం ఆయన నెమ్మది ముందు దండగ. మొదటి భాగం అయింది. అక్కడ ఆగాడు. పుస్తకం కింద పెట్టి, చంకలోని సంచీలోంచి అట్ట చిరిగిన ఇంకో పుస్తకం తీశాడు.

"ఇది తమిళం పుస్తకం. ముప్పై ఏండ్లుగా నా కాడ ఉంది" అన్నాడు. నా వైపు తిరిగి, "టీచరమ్మా, నడిమిన ఒక భాగం మీరు నాకు చెప్పలే. యాడ పోయింది అది?" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన నవ్వాడు, "నేను బాధపడతానని తీసేసినట్టుండారు. అతిథి మర్యాద. అట్ల మర్యాదకు పోతే రాసినాయన ఏమనుకుంటాడు?" అని జనం వైపు తిరిగాడు. తమిళం చూసి, అప్పటికప్పుడు ఇంటి మాటలోకి మార్చుకుంటూ చెప్పాడు. "సామి ముందర సాగిలబడు, అది నీ భక్తి. పెత్తనం చేసే మనిషి ముందర పడద్దు, అది ఊరికి చేటు అంటా ఉండాడు. మేలు చేసినోళ్లను తలుచుకో, తప్పులే. దానికోసరం నీ మానాన్ని ఇచ్చెయ్యద్దు అంటా ఉండాడు."

జనం దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. ఆ ఆనందంలో ఇద్దరు పరుగెత్తుకొచ్చి ఆయనకు ఇంకో రెండు శాలువాలు కప్పి కాళ్ళకు దణ్ణం పెట్టారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ప్రసంగం అయింది. టీ, మిక్చరు తిరిగాయి. ఇక వంతుల సంగతి. ఆయన నిలబడి, ఏటా చెప్పే మాట చెప్పాడు. "తూము సోమవారం తెరుస్తాము. ఎప్పట్లాగనే పైనుంచి కిందికి. సరే గదా?"

"సరే" అన్నారందరూ.

"సరి కాదు పెదనాయనా."

చివరి వరసలో కమలవేణి లేచి నిలబడింది. ముందు కుర్చీ వీపు రెండు చేతులతో పట్టుకుంది. "ఈ తూరి కిందినుంచి పైకి రావాల. రెండేండ్లుగా మా నారు ఎండిపోయింది."

ఎవరో "కూచోమ్మా, పెద్దోళ్ల ముందర ఏంది ఇది" అన్నారు. కోదండపాణిగారి ముఖంలో నవ్వు పోయింది. పుస్తకం చదివినప్పుడు ఉన్న మనిషి కాడు. మీసం అదిరింది. "ఏందమ్మా? నేను నీకేమన్నా తక్కువ చేసినానా?" అన్నాడు.

"తక్కువ చెయ్యలే పెదనాయనా. ఎక్కువ చేసినావు. అందుకే ఇన్నేండ్లు నోరు తెరవలే." కన్నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు, కూర్చోలేదు.

ఆయన చాలాసేపు ఆమెనే చూశాడు. ఇక ఈమె పని అయిపోయింది, రేపటినుంచి ఊళ్ళో ఎవరూ మాట్లాడరు అనుకున్నాను. చివరికి ఆయన మెడలో శాలువాలన్నీ తీసి బల్ల మీద పెట్టాడు. "సరే. చేతులెత్తండి. కిందినుంచి పైకి అనేవాళ్లు ఎవరు?"

కమలవేణి చెయ్యి ఒక్కటే లేచింది. మిగతా అందరూ ఆయన ముఖం చూస్తున్నారు. కింది పొలాలవాళ్ళు కూడా, ఆమెలాగే నారు ఎండినవాళ్ళు కూడా, ఆయన ముఖమే చూస్తున్నారు.

ఆయనకది అర్థమైంది. తన కుర్చీ పట్టుకుని, గరగరమని ఈడ్చి, చెరువు వైపు తిప్పి, మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. "టీచరమ్మా" అన్నాడు నీళ్ళ వైపే చూస్తూ, "మీరు ఊరి మనిషి గాదు. మీరు లెక్కబెట్టండి. నాకు పేర్లు చెప్పద్దు."

నేను లేచాను. అందరూ ముందు ఆయన వీపు వైపు చూశారు. తర్వాత కమలవేణి పక్కనున్న ముసలామె చెయ్యెత్తింది. దాని వెనక ఇంకొకటి. నిన్న అరుగు మీద ఆయన కాళ్ళకు మొక్కిన మనిషి మోచేతి దాకా ఎత్తి, దించి, మళ్ళీ పూర్తిగా ఎత్తాడు. నేను వేలితో చూపిస్తూ రెండుసార్లు లెక్కబెట్టాను. ముప్పై నాలుగు. తర్వాత పైనుంచి కిందికి అనేవాళ్ళు ఎత్తారు. వాళ్ళదీ న్యాయమైన కోరికే, వాళ్ళవీ పొలాలే. అప్పుడే అటు వైపు తిరిగి కూర్చున్న కోదండపాణిగారి కుడి చెయ్యి కూడా నిటారుగా లేచింది. ఇరవై ఒకటి.

"కిందినుంచి ముప్పై నాలుగండీ. పైనుంచి ఇరవై ఒకటి" అన్నాను.

ఆయన వెనక్కి తిరగలేదు. చెయ్యి కూడా దించలేదు. "నా చెయ్యి చేర్చినారా?"

"చేర్చానండీ."

"ఎన్నిగా చేర్చినారు?"

"ఒకటిగానండీ."

"సరిగ్గా లెక్కబెట్టినారు" అని, అప్పుడు చెయ్యి దించాడు.